అచ్చమ్మ చెప్పని పేరు

నూజివీడు మామిడికాయల యార్డులో వేసవి పని మొదలయ్యే రోజున గుమాస్తా శ్రీరాములు బల్లెక్కి ఆ ఏటి వైద్యం ఒప్పందం చదివేవాడు. కూలీలో ఇంత పట్టుకుంటారు, బదులుగా డాక్టరు గారు ఊరికే చూసి మందులిస్తారు. ఏటేటా ఏదో ఒకటి మారేది. కూలీలకు మేలుగా మారిన పాపాన మాత్రం పోలేదు.

అరవై రెండులో ఆ పట్టుకునేది రెట్టింపయింది. ఆడవాళ్ళంతా ఒకటే గోల. "మా కడుపులు కొట్టి మేడలు కట్టుకోండి!" అని అందరికంటే గట్టిగా అరిచింది అచ్చమ్మే. ఆ గోలలోనే శ్రీరాములు రెండో ముక్కా చదివేశాడు. ఇకనుంచి వైద్యం ఇంటిల్లిపాదికీ కాదు, పనిచేసే మనిషికీ ఇంట్లో ఇంకొక్కరికీ మాత్రమే. డబ్బు పోతోందన్న మంటలో అది ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

"మీ ఇంట్లో ఎవరి పేరు రాయనే?" అనడిగాడు శ్రీరాములు.

అచ్చమ్మ సిగ్గుపడింది. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ ఇళ్ళలో భయం. పెళ్ళయినప్పటినుంచీ ఆ పేరు ఆమె నోటంట రాలేదు. "మా సరోజ పేరు రాయండి," అంది. ఏటా కూతురి పేరు చెబితే చాలు, ఇల్లంతా వచ్చేసేది మరి.

ఆమె మొగుడు బండి తోలుకునేవాడు. క్షయ పట్టి, బయట కొనలేనంత ఖరీదైన సూదిమందుతో అప్పుడప్పుడే తేరుకుంటున్నాడు. మధ్యలో మానితే మనిషి దక్కడని డాక్టరు గారు ముందే చెప్పారు.

మర్నాడు మొగుణ్ణి తీసుకుని సూదికి వెళ్తే కాంపౌండరు కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇతని పేరు లేదమ్మా. సరోజ అని ఉంది."

"అది మా అమ్మాయండీ! గుండ్రాయిలా ఉంది, దానికేం రోగం?"

"ఈ ఏడు ఒక్కరికేనమ్మా. చదివారుగా, వినలేదా?"

అచ్చమ్మ మొగుణ్ణి అక్కడే బల్లమీద కూర్చోబెట్టి, ఒక్క పరుగున యార్డుకొచ్చి శ్రీరాములు కాళ్ళమీద పడింది.

"తప్పయిపోయిందండీ! సరోజ పేరు కొట్టేసి మా ఆయన పేరు రాయండి!"

"ఏంటా పేరు?"

"హనుమయ్య! హనుమయ్యండీ!"

యార్డంతా వినబడింది. ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. అచ్చమ్మ నాలిక్కరుచుకుంది.

"నిన్ననే చెప్పాల్సింది పిచ్చిదానా. సంతకాలైపోయాయి. వచ్చే వేసవికి రాస్తాలే," అన్నాడు శ్రీరాములు.

అచ్చమ్మ అతని కాళ్ళు వదిలేసింది.

"వచ్చే వేసవికి ఎవరి పేరు చెప్పమంటారండీ?" అంది.