విజిల్ సారు ఎవరి నాయన?

ఆ రోజుల్లో, అంటే మరీ అణాకాసుల కాలమేమీ కాదు, ఏడెనిమిదేళ్ల కిందటి మాట, నాకు ప్రపంచంలో రెండే విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, జపాను వాళ్ల యానిమే బొమ్మల కథల కంటే గొప్పవి భూమ్మీద లేవని. రెండు, మా నాయన నా పక్కన నిలబడితే నా పరువు నిలబడదని. పందొమ్మిదేళ్ల వయసు, డిగ్రీ రెండో ఏడు, ఆళ్లగడ్డలో ఇల్లు. మా నాయన అక్కడి హైస్కూల్లో డ్రిల్ మాస్టరు. ఊళ్లో సగం మంది ఆయన ముందు గుంజీలు తీసినవాళ్లే. నీలం ట్రాక్ ప్యాంటు, తెల్ల బనీను లాంటి టీషర్టు, మెడలో నల్లతాడుకు వేలాడే విజిలు. పెళ్లిళ్లకు పోయినా చొక్కా మారేది గానీ విజిలు మారేది కాదు. (చర్చికి పోయేటప్పుడు మాత్రం జేబులో వేసుకునేవాడు. దేవుడి పట్ల ఆయన చూపిన ప్రత్యేక మర్యాద అది.)

అలాంటి రోజుల్లో నంద్యాలలో ఎవరో ఇంజనీరింగు పిల్లలు శని, ఆదివారాల్లో ఒక కల్యాణ మండపంలో యానిమే అభిమానుల సమ్మేళనం పెడుతున్నారని ఫోన్లో చూశాను. ఇష్టమైన పాత్రల వేషాలు వేసుకుని రావాలి, ఆదివారం మధ్యాహ్నం వేదిక మీద పోటీ. వెళ్లాల్సిందేనని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. నేనెంచుకున్నది నీలం జుట్టున్న కత్తివీరురాలి వేషం. మూడు నెలలు కష్టపడ్డాను. నైలాను దారంతో జుట్టు అల్లాను. నాయన పాత యోగా చాపను అడగకుండా కత్తిరించి కవచం చేశాను. ప్లాస్టిక్ పైపుకు అట్టలు అతికించి నా ఎత్తు కత్తి తయారు చేశాను. అమ్మ రోజూ గడప దగ్గర నిలబడి, "ఇంతెత్తు ఆడపిల్లవు, ఏందిమే ఈ బొమ్మలాట?" అనేది. నేను జిగురు పూస్తూనే ఉండేదాన్ని. చివరికి విషయం నాయన దాకా పోయింది. ఆయన చాప సంగతి ఎత్తలేదు. "పో. కానీ నేనూ వస్తా. ఆదివారం ఆరాధన తప్పేకి లేదు" అన్నాడు. మూడు రోజులు అన్నం మానేస్తానని బెదిరించాను. రెండో పూటకే ఆకలేసి ఒప్పుకున్నాను.

శనివారం పొద్దున్నే నంద్యాల బస్సెక్కాం. కండక్టరు నా కత్తిని చూసి, "ఏంది పాపా, ఎవురిని నరికేకి పోతాండావ్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా నాయన, "కార్టూన్లోల్లను అప్పా, రెండు నంద్యాల కొట్టు" అన్నాడు. బస్సంతా నవ్వింది. దిగగానే బస్టాండు నుంచి మండపం దాకా నాయన కంటే పది అడుగులు ముందు నడిచాను. వీపు మీద కత్తి, నెత్తిన నీలం జుట్టు పెట్టుకుని నంద్యాల నడివీధిలో పోతున్న నాకు, వెనక వస్తున్న మనిషి వల్ల పరువు పోతుందన్న భయం! ఇప్పుడు తల్చుకుంటే నన్ను నేనే గిల్లుకోవాలనిపిస్తుంది.

గేటు దగ్గర టికెట్టుకు గుర్తుగా చేతికి పట్టీలు కడుతున్న అమ్మాయి, "అంకుల్ మీతో వచ్చినాడా?" అంది. "కాదు, బస్సులో పక్క సీట్లో కూచున్నాడు" అన్నాను. (చూడండి, ఆ 'కాదు' తప్ప ఒక్క అక్షరం అబద్ధం లేదు.) లోపల కర్నూలు నుంచి వచ్చిన నలుగురు అమ్మాయిలతో స్నేహం కుదిరింది. నా కవచాన్ని తట్టి చూసి, "ఎంత బాగా చేసినావే!" అన్నారు. అంతమంది నాలాంటివాళ్లను ఒక్కచోట చూడటం నాకు జన్మలో అదే మొదటిసారి. గాల్లో తేలిపోతున్నాను. అంతలో వాళ్లలో ఒకతె దూరంగా చూపించి, "ఎవురబ్బా ఆయప్ప? ఏ కథలో కోచ్ వేషమో గానీ అచ్చం దిగింది" అంది. చూస్తే నాయన. ఆయనతో ఫోటోలు దిగడానికి ముగ్గురు పిల్లలు నిలబడి ఉన్నారు. ఆయన ఛాతీ విరిచి, గడ్డం ఎత్తి, గణతంత్ర దినోత్సవం నాటి మొహంతో నిలబడ్డాడు. "నీకు తెల్సునా?" అంటే "తెలీదు" అన్నాను.

మధ్యాహ్నం దాటాక ఆయనే మా గుంపు దగ్గరికి వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా. "అమ్మీ, పొద్దన్నుంచి ఏమీ తినలేదు. పెరుగన్నం ఉండాది, రెండు ముద్దలు తిను" అన్నాడు. అమ్మాయిలు నలుగురూ నా వైపు తిరిగారు. "మీ నాయనా?" అంది ఒకతె. నేను నీలం జుట్టు సవరించుకుని, "కాదు... ఎవరినో అనుకుంటున్నట్టున్నాడు" అన్నాను. నాయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. డబ్బా మూత మళ్లీ నొక్కి పెట్టి, "అవును, పొరపాటు పడినా" అని వెళ్లిపోయాడు. చర్చిలో ఆదివారం బడి చదువుకున్నవాళ్లెవరికైనా తెలుసు, శిష్యుడు తన ప్రభువును ఎరగనని మూడోసారి బొంకగానే కోడి కూసింది. నేను మూడోసారి కాదన్నాక ఇక్కడా ఒక కోడి కూయాలి. కల్యాణ మండపం కాబట్టి కోళ్లన్నీ వంటశాలలో ఉన్నాయి. కూయడానికి ఒక్కటీ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే వేదిక మీద కళ్లద్దాల అన్న (ఈ సంబరానికంతా పెద్ద ఆయనే, కోయిలకుంట్ల వాడు) మైకులో పోస్టర్లు ఊరికే ఇస్తున్నామని ప్రకటించాడు. అంతే. రెక్కలవాళ్లు, కొమ్ములవాళ్లు, తోకలవాళ్లు, కత్తులవాళ్లు, అందరూ ఒకేసారి బల్ల మీద పడ్డారు. బల్ల కాలు విరిగింది. ఎవరి తోకనో ఎవరో తొక్కారు. పెళ్లికొడుకు కూర్చునే సింహాసనం ఒకటి వెల్లకిలా పడింది. మండపం మేనేజరు పరుగెత్తుకొచ్చి, "ఇది పెండ్లిండ్లు చేసే హాలు అప్పా! రేపు లేదు, గీపు లేదు. తాళం ఏస్తాండా, అందరూ బయటికి నడవండి!" అని అరిచాడు. కళ్లద్దాల అన్న చేతులు జోడించాడు. మేనేజరు తాళంచెవుల గుత్తి తీశాడు. మూడు నెలల నా జిగురు, నా దారం, నా ఆదివారం, అన్నీ ఆ గుత్తికి వేలాడుతున్నాయి.

అప్పుడు మోగింది విజిలు.

ఆ మోత ఎలాంటిదో ఆళ్లగడ్డ వాళ్లకు చెప్పక్కర్లేదు. హాలంతా బిగుసుకుపోయింది. నా మడమలు వాటంతటవే దగ్గరికి చేరాయి. నాయన కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. "పొట్టోల్లు ముందు, పొడుగోల్లు ఎనక! కొమ్ములున్నోల్లు ఎడమ పక్కకు రాండి. రెక్కలోల్లూ, చేతులు చాపి దూరం సూసుకోండి. రేయ్ తోక, యాడికి పోతాండావ్? ఈడ నిలబడుకో!" అన్నాడు. రాక్షసులూ దేవతలూ మంత్రగత్తెలూ ఎత్తుల వారీగా నిలబడ్డారు. ఎంత రాక్షసుడైనా ఒకప్పుడు బడికి పోయినవాడే కదా! పావుగంటలో పోస్టర్లు పంచడం అయిపోయింది, సింహాసనం లేచి కూర్చుంది. మేనేజరు గుత్తి జేబులో పెట్టుకుని, "ఆ సారు రేపు కూడా ఉంటేనే హాలు తెరుస్తా. లేకుంటే లేదు" అని తేల్చేశాడు.

కళ్లద్దాల అన్న చుట్టూ చూస్తే నాయన లేడు. "ఆ విజిల్ సారు ఎవురి నాయనో ఎవురికైనా తెల్సునా?" అని మైకులో అడిగాడు. కర్నూలు అమ్మాయిలు నా పక్కనే ఉన్నారు. నా కథల వీరురాలు ఒంటరిగా వందమంది శత్రువుల మీదికి దూకుతుంది. నేను ఒక్క చెయ్యి ఎత్తడానికి అంతకంటే ఎక్కువ ధైర్యం కూడగట్టుకోవలసి వచ్చింది. ఎత్తాను. "మా నాయన" అన్నాను. చిన్నగా వచ్చింది. వినపడలేదని అన్న అనేసరికి, "మా నాయనే! ఆళ్లగడ్డ డ్రిల్ సారు!" అని అరిచాను. కర్నూలు అమ్మాయి నోరు తెరిచి, "మరి పొరపాటు పడినాడంటివే?" అంది. "పొరపాటు పడింది నేను" అని బయటికి పరుగెత్తాను.

నాయన ప్రహరీ పక్కన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డబ్బా ఒళ్లో ఉంది. ఇంకా మూత తీయలేదు. ఎదురుగా పోయి నిలబడ్డాను.

"నాయనా, రేపు కూడా రావల్లంట. నువ్వు లేకుంటే హాలు తెరవరంట."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎవరినో అనుకుంటాండావేమో పాపా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మొహానికి పూసిన రంగంతా కారి కవచం మీద పడింది. "తప్పయింది నాయనా" అన్నాను. ఆయన కాసేపు రోడ్డు మీద ఆటోలను లెక్కపెడుతున్నట్టు చూశాడు. తర్వాత డబ్బా మూత తీసి నా వైపు జరిపాడు. "తిను ముందు. ఏడ్సేది తిన్నంక ఏడుద్దువు. రంగు అన్నంలో పడకుండా సూసుకో" అన్నాడు. సగం తిన్నాక, "ఆరాధన అయినంకనే వస్తానని చెప్పు ఆ పిలగానికి" అన్నాడు.

ఆ రాత్రికి నంద్యాలలోనే పిన్నమ్మ ఇంట్లో ఉన్నాం. ఆదివారం చర్చిలో పెద్ద చున్నీ కప్పుకుని కూర్చున్నాను. (కాళ్ల కవచం ముందే అతికించుకున్నాను మరి. మోకరిల్లి లేచిన ప్రతిసారీ కరకరమని చప్పుడు. పక్కనున్న పెద్దావిడ కీళ్లవాతం అనుకుని జాలిపడింది.) అక్కడి నుంచి నేరుగా మండపానికి వెళ్లాం. ఈసారి పక్కపక్కనే నడిచాం. నాయన గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ వరసలో పంపాడు.

పోటీలో నా పేరు పిలిచారు. వేదిక మధ్యకు రాకముందే ఎడమ భుజం కవచం ఊడి కింద పడింది. హాల్లో నవ్వులు. వెనక్కి పోదామా అన్న ఆలోచన రాకపోలేదు. కానీ మూడు నెలల పని అది. ఒంటి భుజంతోనే వేదిక చివరిదాకా నడిచి, కత్తి ఎత్తి, మనసులో పది లెక్కపెట్టి, తల వంచకుండా వెనక్కి వచ్చాను. బహుమతి నాకు రాలేదు. పగిడ్యాల నుంచి వచ్చిన ఒకడు గుర్రం తలతో సహా దిగాడు, వాడికిచ్చారు. న్యాయమే. తిరుగు బస్సులో నాయన, ఊరు దగ్గరపడుతుండగా, "నడక బాగుండాది. కత్తి ఇంకొంచెం పైకి ఎత్తింటే బాగుండు" అన్నాడు. ఆ తర్వాత, "ఇంతకీ ఆ పిల్ల ఎందుకు కత్తి పట్టె? కథేంది?" అన్నాడు. దిగేదాకా చెప్తూనే ఉన్నాను.

ఇప్పుడు నేను నంద్యాలలో ఒక బడిలో డ్రాయింగు టీచర్ని. తల్లిదండ్రుల సమావేశం రోజున వరండాలో నిలబడితే ప్రతిసారీ ఒక పిల్ల కనబడుతుంది. లుంగీ కట్టుకుని పొలం నుంచి నేరుగా వచ్చిన తండ్రికి నాలుగు అడుగులు ముందు, ఎవరో తెలియనట్టు గోడ వైపు చూస్తూ నడుస్తుంటుంది. పిలిచి ఒక మాట చెప్పాలని నోటిదాకా వస్తుంది. కానీ ఊరుకుంటాను. ఆ వయసులో నాకెవరైనా చెప్పి ఉంటే, బుద్ధిగా తలూపి, ఇంకో నాలుగు అడుగులు ముందుకు పరుగెత్తి ఉండేదాన్ని. అందుకే ఆ పిల్లను చూసి నవ్వి, ఆ తండ్రికి కుర్చీ వేస్తాను.