చింతపండుతో తోమిన కాక్‌పిట్

యాభై దాటాక మా స్నేహితులు సరస్సు పక్కన కాటేజీలు కొనుక్కున్నారు. నేను రెక్కలూ తోకా కోసేసిన ఒక పాత యుద్ధకాలపు విమానం ముందు ముక్క కొనుక్కున్నాను. పైలట్ కూర్చునే చోటు, అంతే. అది రిచ్‌మండ్ హిల్‌లో మా ఇంటి గరాజ్‌లో చేరిన రోజు నుంచి కారు బయట పడింది. చలికాలం పొద్దున్నే నేను కారు మీద మంచు గీకుతుంటే మా ఆవిడ తలుపు కాస్త తెరిచి అనేది: "మనుషులెక్కే దానికి మంచు, తుక్కుకేమో హీటర్!"

తుక్కు కాదని వాదించే ఓపిక మొదట్లో ఉండేది. యుద్ధానికి వెళ్లబోయే కుర్రాళ్లకు మేం వలస వచ్చిన ఈ దేశంలో విమానం నడపడం నేర్పిన బండి అది. నా చేతికి వచ్చేనాటికి లోపల ఎలుకల గూళ్లు తప్ప ఏమీ లేవు. ఒక్కో మీటరూ ఒక్కో స్విచ్చీ ఎవరి పొలం షెడ్డులోంచో, ఎవరి బేస్‌మెంట్‌లోంచో వెతికి తెచ్చి అమర్చాను. వారమంతా ఆఫీసులో ఎవరూ చదవని రిపోర్టులు రాసేవాణ్ని. శనివారం ఆ సీటు కింద వంకర తిరిగి పడుకుని వైర్లు కలుపుతుంటేనే ఊపిరాడేది.

ఈ పిచ్చి ఉన్నవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. పోయిన భాగం తెచ్చి పెట్టవచ్చు, తుప్పు ఆపవచ్చు. చేతుల రాపిడికి అరిగిన చోట మాత్రం ముట్టుకోకూడదు. రంగు వేయకూడదు, మెరుగు పెట్టకూడదు. ఇంజన్‌కి పెట్రోలు అందించే చిన్న పంపు ఒకటి ఉంటుంది, దాని పిడి ఇత్తడిది. బొటనవేలు ఆనే చోట మాత్రమే నల్లరంగు పోయి, చుట్టూ ఏనాటిదో జిడ్డు పేరుకుని ఉండేది. ఆ వేళ్లు ఎవరివో, వాళ్లలో ఎందరు తిరిగి ఇళ్లకు చేరారో తెలియదు. ఆ మకిలే మాకు ప్రాణం.

ఇప్పుడు నా నడుము వంగడం లేదు. అందులోకి దిగితే పైకి రావడానికి ఇంకో మనిషి చెయ్యి కావాలి. ఇల్లు అమ్మేశాం, ఇంకొన్నాళ్లలో ఖాళీ చేయాలి. దేశానికి ఆ చివర బర్నబీలో అమ్మాయికి దగ్గరగా కాండో ఫ్లాట్ తీసుకున్నాం, అక్కడ గరాజ్ లేదు. కాక్‌పిట్‌ని విప్పకుండా మొత్తంగా ఎవరైనా తీసుకెళ్తారా అని తెలిసినవాళ్లందరికీ మెసేజ్ పెట్టాను. ఒకడికి సీటు కావాలట. ఇంకొకడికి మీటర్లు, మరొకడికి విమానాన్ని తిప్పే కంట్రోల్ స్టిక్. చావింట్లో చెంబులు పంచుకున్నట్టుంది వ్యవహారం. అమ్మాయితో చెప్పుకుంటే, "నాన్నా, జస్ట్ సెల్ ద పార్ట్స్" అంది. ముక్కలుగా పోవడానికైతే నేనెందుకు అతకడం?

చివరికి ఒక చిన్న మ్యూజియం నడిపే పెద్దాయన ఒప్పుకున్నాడు. "మీరు చెప్పినట్టు అసలు రూపంలో ఉంటే మొత్తం తీసుకుంటాను. ఈలోగా ఏమీ ముట్టుకోకండి" అన్నాడు. చాలా కాలం తర్వాత నాకు కంటినిండా నిద్ర పట్టింది.

ఆయన వస్తానన్నది దసరా మర్నాడు. ప్రతి దసరాకీ ఆయుధపూజ అంటూ మా ఆవిడ కారుకీ, కుక్కర్‌కీ, నా లాప్‌టాప్‌కీ బొట్టు పెడుతుంది. తుక్కుకి మాత్రం ఏనాడూ పెట్టలేదు. ఈసారి నేను బయటికెళ్లి వచ్చేసరికి గరాజ్ అంతా సాంబ్రాణి వాసన. కాక్‌పిట్ ముందు నిమ్మకాయలు, రేకు మీద పసుపూ కుంకుమా. తుడిస్తే పోతాయిలే అనుకుంటూ లోపలికి తొంగిచూశాను. పంపు పిడి దేవుడి గదిలో కుందిలా ధగధగలాడుతోంది. చింతపండు పెట్టి తోమింది. స్టిక్ మీది నలుపు లేదు. స్విచ్చుల పక్కన ఉండాల్సిన తెల్ల అక్షరాలు పీచు దెబ్బకి లేచిపోయాయి.

"ఏం చేశావే!" అని అరిచాను.

"పూజకి ముందు కడగరా ఏంటి? ఇంకొకరింటికి పోతోంది, మకిలితో పంపితే మనల్నే అంటారు. మీరు వంగలేకపోతున్నారని నేనే దూరాను. ఇదిగో, మోకాలు కూడా దోక్కుపోయింది" అంది, చీర కాస్త ఎత్తి చూపిస్తూ.

కోపం అలాగే ఉంది, దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ మెరుపు మీద కొంచెం గ్రీజు పూసి చూశాను. సిగ్గేసి తుడిచేశాను.

మర్నాడు పెద్దాయన వచ్చాడు. టార్చి వేసి చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడనే ఆశతో మా ఆవిడ టీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"ఎవరు తోమారు దీన్ని?" అన్నాడాయన.

"నేనే" అన్నాను.

"ఇంతకాలం ఈ పని చేసినవారు, మీకు తెలియదా?"

ఆ మాటకన్నా నాలుగు తిట్టినా బాగుండేది. మొత్తంగా తీసుకోవడం ఇక కుదరదనీ, మీటర్లు మాత్రం పనికొస్తాయనీ, విప్పి పంపితే సంతోషమనీ చెప్పి, టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆయన మాట్లాడిన ఇంగ్లిష్ మా ఆవిడకి అర్థం కాక కాదు. టీ కప్పులు సింకులో పెట్టి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, లేదా నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. టూల్‌బాక్స్‌లోంచి స్పానర్ తీసుకుని, కొంగు నడుముకి బిగించి, కుంటుకుంటూ కాక్‌పిట్‌లోకి దిగింది. నేను బయట స్టూల్ మీద కూర్చున్నాను. అలసిపోయాను, అంతకుమించి ఏమీ లేదు.

"ముందు ఏది విప్పమంటారు?" అంది, తలెత్తకుండా.

ఎడమవైపు పై మీటర్ అని చెప్పాను.