పదకొండు ట్యూబులు

ఇర్ఫానా రోజూ పొద్దున జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ దగ్గరి యూనివర్సిటీకి వెళ్ళేది. అక్కడ ఫ్లో సైటోమెట్రీ ల్యాబులో టెక్నీషియను. రక్తకణాలను ఒక్కొక్కటిగా లేజర్ వెలుగులోంచి పంపి, క్యాన్సర్ ఉందో లేదో, ఉంటే ఏ రకమో చెప్పే యంత్రాన్ని ఆమే నడిపేది. చుట్టుపక్కల ఆసుపత్రులు శాంపిళ్ళు అక్కడికే పంపేవి. ఆమెకు తోడు అటెండరు కృష్ణయ్య. అరవైకి దగ్గరపడిన మనిషి. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలిచేది.

మూడేళ్ళ కిందట ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆరుగురు ఇనపరాడ్లతో ల్యాబు మీదికి వచ్చారు. ముందున్నవాడు క్రాంతికుమార్. అతని తమ్ముడు ఆ ఉదయమే బ్లడ్ క్యాన్సర్‌తో ఆసుపత్రిలో చనిపోయాడు. ల్యాబు రిపోర్టు తప్పని, అందుకే మందు పనిచెయ్యలేదని ఎవరో అతనికి నూరిపోశారు.

“అమ్మా, లోపల గడి పెట్టుకో,” అంటూ కృష్ణయ్య తలుపుకు అడ్డం నిలబడ్డాడు. మొదటి దెబ్బ కణత మీద పడింది. రెండోది కంటి మీద. ఆయన గోడకు జారిపోయాడు. నేలంతా నెత్తురు. తలుపు గాజు ఒక్క తన్నుకు బద్దలైంది.

“మా తమ్ముణ్ణి చంపింది ఇదేరా!” క్రాంతికుమార్ యంత్రం మీద రాడ్డు దించాడు. మూత ఎగిరిపడింది. గొట్టాలు తెగి నీళ్ళు చిమ్మాయి. మిగతావాళ్ళు కంప్యూటర్లను నేలకేసి కొట్టారు. బల్లమీద ఆ రోజు వచ్చిన పదకొండు ట్యూబుల స్టాండు ఉంది. ఇర్ఫానా దాన్ని పొట్టకు అదుముకుని బల్లకిందికి దూరింది.

ఒకడు జడ పట్టి బయటికి ఈడ్చాడు. “ఏంటే దాస్తున్నావ్?”

“వేరేవాళ్ళ రక్తం అండీ! చిన్నపిల్లలవి కూడా ఉన్నాయి. నన్ను కొట్టండి, వీటి జోలికి మాత్రం రాకండి!”

కొట్టాడు. కుడిచేతి ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. వీపు మీద, భుజం మీద దెబ్బలు. డొక్కలో తన్నులు. విద్యార్థులు, సెక్యూరిటీ వాళ్ళు పరుగున వచ్చి ఆ ఆరుగురినీ పట్టుకునేదాకా ఆమె స్టాండును వదలకుండా ముడుచుకునే పడి ఉంది.

ఆంబులెన్సులో కృష్ణయ్యను ఎక్కించాక, ట్యాక్సీ నడిపే తన తమ్ముడు జాకీర్‌ను పిలిపించింది.

“ట్యూబులు ఈ డబ్బాలో పెట్టా, హైదరాబాద్ ల్యాబుకి తీసుకెళ్ళు. ఇప్పుడే.”

“ముందు నీ చెయ్యి చూపించుకో అక్కా!”

“చెయ్యి ఎక్కడికీ పోదు. రక్తం రేపటికి పాడైపోద్ది.”

జాకీర్ సాయంత్రానికి చేర్చాడు. ఒక ట్యూబు ఆ దెబ్బల్లోనే పగిలిపోయింది. మిగతా పది ట్యూబులకూ రిపోర్టులు వచ్చాయి. పగిలిన ట్యూబు తాలూకు మనిషికి ఆమే ఆసుపత్రి మంచం మీంచి ఫోన్ చేసి, మళ్ళీ రక్తం ఇవ్వమని బతిమాలింది.

కృష్ణయ్యకు ఒక కన్ను పోయింది.

నందిగామ కోర్టు వరండాలో క్రాంతికుమార్ ఆమెకు చేతులు జోడించాడు. “రాజీ పడండి మేడమ్. తమ్ముడు పోయిన బాధలో చేసా.”

“మీ తమ్ముడి రిపోర్టు చేసింది నేనేనండి. అందులో తప్పు లేదు. బయటి డాక్టర్లు కూడా చూసి అదే చెప్పారు. మీ బాధ నాకర్థమైంది. కానీ మా బాబాయ్ మీకేం చేశాడు?”

ఆమె లోపలికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. క్రాంతికుమార్‌కు మూడేళ్ళ శిక్ష పడింది. అది విన్నాక ఆమెకు సంతోషం కలగలేదు. బస్సులో జగ్గయ్యపేట దాకా ఏడుస్తూనే ఉంది.

ల్యాబుకు కొత్త యంత్రం వచ్చింది. ఆమె కుడి మణికట్టు పూర్తిగా తిరగదు. ఎడమచేత్తో ట్యూబుల్లో కణాలకు రంగు పట్టించే మందు చుక్కలు వెయ్యడం నేర్చుకోవడానికి ఆర్నెల్లు పట్టింది.