తులసక్క ఇంటి గొళ్ళెం చప్పుడు

లాక్‌డౌన్లన్నీ ముగిసిన మరుసటి ఏడాది. చెన్నై సాలిగ్రామంలో, మేడ మీద రెండు గదుల స్టూడియోలో సౌండ్ ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. సినిమాలో మాటలూ పాటలూ పోగా మిగిలిన చప్పుళ్ళన్నీ నా బాధ్యతే. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నేను బడికి పోలేదు. వ్యాసర్పాడిలో మా ఇంట్లోనే అమ్మ చదువు చెప్పింది. కళ్ళు మూసుకోమని, వీధిలో వినిపించిన ప్రతి చప్పుడూ పలక మీద రాయించేది. ఇవాళ నేను తినే అన్నం ఆ పలక పెట్టిందే. భగవంతుడు ఊపిరి కొంచెం తగ్గించి ఇచ్చినా, చెవులు నిండుగా ఇచ్చాడు.

ఆ ఏడాది మా చేతికి ఒక థ్రిల్లర్ సినిమా వచ్చింది. దర్శకుడు హైదరాబాద్ అబ్బాయి. కనిపించకుండా పోయిన భర్త కోసం ఎదురుచూసే భార్య కథ. అతను మొదటినుంచీ బతికి లేడని చివర్లో తెలుస్తుంది. మొదటి రెండు నిమిషాల్లో మనుషులెవరూ ఉండరు. ఖాళీ ఇంట్లో కెమెరా వంటగది నుంచి వీధి తలుపు వైపు మెల్లగా పోతుంది, అంతే. చూసేవాళ్ళకు కథ తెలియకూడదు, ఆ తలుపంటే మాత్రం భయం పుట్టాలి.

భయం పెద్ద సంగీతంతో వస్తుందనుకుంటారు. మేం చేసేది వేరు. ముందు అన్ని చప్పుళ్ళూ పెడతాం: కాకులు, హార్బర్ ఇంజన్లు, చేపలమ్మేవాళ్ళ కేకలు, ఫ్యాను. తర్వాత ఎవరికీ తెలియకుండా ఒక్కొక్కటీ తీసేస్తాం. ఏం పోయిందో తెలియక మనిషి ముందుకు వంగి వింటాడు. అప్పుడు ఒక్క చిన్న చప్పుడు చాలు.

ఆ చప్పుడు మాకు రూమ్ టోన్‌లో దొరికింది. షూటింగ్ అయ్యాక అందరం కదలకుండా నిలబడి, ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకుంటాం. దాన్నే రూమ్ టోన్ అంటారు. షూటింగ్ జరిగింది రాయపురంలో ఒక పాత ఇంట్లో. గోడలు బాగున్నాయని మేనేజర్ తీసుకున్నాడు. అందులో ఎవరుంటున్నారో మాలో ఒక్కరూ అడగలేదు. స్టూడియోలో వింటుంటే, ఆ నిమిషం చివర్లో ఇనుము గీరుకున్న చప్పుడు, వెంటనే టక్. ఎవరో గొళ్ళెం తీశారు.

"ఇదేందక్కా? ఎవలు తీసిండ్రు?" అన్నాడు దర్శకుడు.

"ఇంటామె అయి ఉంటాది. తలుపు కాడ ఆమె ఒక్కతే ఉన్నింది."

"దేవుడే పంపిండు పో! ఎవ్వలు లేని ఇంట్ల గొళ్ళెం దానంతటదే తీస్కుంటే, థియేటర్ల ఒక్కడు పాప్‌కార్న్ నమలడు."

ఆ చప్పుడు మీద ఆటో హారన్ పడింది. శుభ్రంగా మళ్ళీ రికార్డు చేద్దామని రాయపురం వెళ్ళాను. ఇంటామె పేరు తులసి. నాకంటే పెద్దది. తలుపు ఊరికే దగ్గరికి వేసి ఉంది.

"ఒక్క తూరి గొళ్ళెం ఏసి తియ్యక్కా, చాలు," అన్నాను.

ఆమె ముఖం మారిపోయింది. "నేను ఎయ్యను పాపా. ఆ దినం మీవోళ్ళు ఏసినారు. నిమిషం కూడా ఓర్చుకోలేకపోతిని. మెల్లిగా తీసేస్తిని. తప్పయిందా?"

ఆమె భర్త హార్బర్‌లో ఐసు మోసేవాడు. ఎన్నూరులో పనుందని ఒక ఉదయం వెళ్ళాడు. ఐదేళ్ళయింది, తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆ తలుపుకు ఆమె గొళ్ళెం వేయలేదు.

"ఆయన చేసిందే ఇది, పాత బోటు ఇనుముతో," అంది. "గీరుకునే పడతాది. ఆయన అడుగులిని నేను తీస్తే, వీధి మలుపులో ఉన్నా కనుక్కుంటాడు. 'ఏందే, అప్పుడే తీసేస్తివా, అంత తొందరా' అని ఆడినుంచే ఎగతాళి చేస్తాడు."

నాకు సిగ్గేసింది. సినిమా కథ చివరిదాకా దాచకుండా చెప్పాను. "ఈ చప్పుడు వద్దులేక్కా, స్టూడియోలో ఇంకోటి చేసుకుంటాం."

ఆమె గొళ్ళెం మీద చెయ్యి ఆనించింది. "వద్దనబాకమ్మా, పెట్టు. మీ సినిమా పడంలో మొగుడు సచ్చిపోతే పోనీ. మా ఆయన సినిమా పిచ్చోడు. యాడున్నా మొదటాటకి పోతాడు. ఇది ఇన్నాడంటే తెలస్తాది, ఈడ తలుపు తీసే ఉండాదని."

"సామి సాక్షిగా పెడతానక్కా," అన్నాను.

స్టూడియోకి వచ్చి, ఉన్న రికార్డింగ్‌కే నాయిస్ రిడక్షన్ చేశాను. అంటే అక్కరలేని చప్పుడును సాఫ్ట్‌వేర్‌తో గుర్తించి చెరిపేయడం. హారన్ పోయింది. దానితోపాటు తుప్పు గీరుడు కూడా పోయింది. యంత్రానికి రెండూ మురికే. నున్నటి టక్ ఒకటి మిగిలింది. నాలుగుసార్లు విని, ఎంత శుభ్రంగా వచ్చిందో అనుకున్నాను.

మొదటి ఆటకు తులసక్కను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. తెర మీద కాకులు పోయాయి, ఇంజన్లు పోయాయి, కేకలు పోయాయి, ఫ్యాను పోయింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. టక్. వెనక వరుసలో ఎవరో కెవ్వుమన్నారు. మా పనికి అంతకన్నా మెప్పు లేదు.

తులసక్క నా వైపు తిరిగింది. "ఇది మాది కాదు పాపా."

కోపం లేదు ఆ గొంతులో. "గీరుకునేది యాడ పోయింది?"

అదే సమయంలో ఎన్నో ఊళ్ళలో ఆ ఆట నడుస్తోంది. అందులో ఏదో ఒక హాల్లో ఆయన కూర్చుని ఉంటే, విన్నది ఎవరిదో తలుపు.

దర్శకుణ్ణి బతిమాలాను. "ఒక్క గొళ్ళానికి గింత ఏడుస్తవేందక్కా?" అని నవ్వాడు. విషయం చెప్పాక నవ్వలేదు. ఓటీటీకి వెళ్ళే కాపీలో, తనే పక్కన కూర్చుని, పాత చప్పుడు హారన్‌తో సహా పెట్టించాడు. అతనికి నేను రుణపడి ఉన్నాను. రాయపురం వెళ్ళి, ఆ రెండు నిమిషాలూ నా ఫోన్లో తులసక్కకు వినిపించాను. "ఆమా, అవును, ఇదే," అంది. ఫోను చెవి దగ్గరినుంచి చాలాసేపు తీయలేదు.

ఆయన కబురు ఇప్పటికీ లేదు. ఇద్దరం మా మా దేవుళ్ళకు దీపం పెడుతూనే ఉన్నాం.

ఆ తర్వాత ఏ చప్పుడునైనా, అది ఎవరిదో తెలుసుకోకుండా శుభ్రం చేయడం మానేశాను. అప్పుడప్పుడు రాయపురం వెళ్తుంటాను. బయట అడుగులు వినబడితే తలుపు లోపలున్న మనిషికి ఏమవుతుందో, దాన్ని ఎంతసేపు సాగదీయవచ్చో నా పనే నాకు నేర్పింది. అందుకే వీధి మలుపులోనే నిలబడి గట్టిగా అరుస్తాను: "తులసక్కా, నేనే, సౌండు పాపని!"

నా చెప్పుల చప్పుడు ఆమె గడప చేరేలోపే నా గొంతు చేరాలి.