మా అత్తమ్మ మానేసిన తిండి

మా అత్తమ్మ సాయమ్మ అన్నం తింటుంటే చూడాలనిపించేది. వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చుని, పళ్ళెం ముందు పెట్టుకుని తినేది. పెద్ద పెద్ద ముద్దలు. మధ్యలో మాటలుండవు. లేచేసరికి పళ్ళెంలో కరివేపాకు కూడా మిగిలేది కాదు.

"అమ్మా, గా పళ్ళెం ఇంక తోముడెందుకు, అట్లనే బోర్లియ్యి" అని మా ఆయన ఇశ్రాయేలు ఆట పట్టించేవాడు.

"నీ పెండ్లానికి ఒక పళ్ళెం తోముడు తప్పింది. సంతోషపడురా" అనేది ఆమె.

ఆమెది నల్లగొండ దిక్కు పల్లె. చిన్నప్పటి నుంచి నాట్లకు, కలుపులకు పోయింది. పొద్దున జొన్న గటక తాగి పోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు కాబట్టి దొరికినప్పుడు కడుపు నిండా తినడం అలవాటైంది. భర్త పోయాక కొడుకును చంకనేసుకుని పట్నం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో అంట్లు తోమింది, కూరగాయలు తరిగింది. కోచింగ్‌కు వచ్చిన పిల్లలు సగం తిని వదిలేసిన పళ్ళేలు కడుగుతుంటే ఏడుపొచ్చేదని నాకు చాలాసార్లు చెప్పింది. ఆ పని మీదనే కొడుకుకు డ్రైవింగ్ నేర్పించింది. అల్మాస్‌గూడలో మా రెండు గదుల ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు కూడా తనే మోసింది.

మా ఆయన స్కూలు వ్యాను నడిపేవాడు. పోయిన వానాకాలం ఛాతీలో నొప్పి అంటే ఎల్‌బీ నగర్‌లో ఒక దవాఖానలో చేర్పించాం. మొదటి రోజంతా ఆయన కళ్ళు తెరవలేదు. మర్నాడు పొద్దున తెరిచాడు, మాట్లాడాడు. "మీరిద్దరు ఏం తినలే. కిందికి పోయి తినిరాండ్రి" అని ఆయనే పంపాడు. మేం పోయి తినివచ్చేలోగా ప్రాణం పోయింది.

మా ఇంటికి రెండిళ్ళ అవతల హెప్సిబా ఉంటుంది. ఒక కళ్ళ దవాఖానలో ముందు బల్ల దగ్గర పేర్లు రాసుకునే పని. థైరాయిడ్‌తో బాగా లావెక్కి, తిండి మార్చుకుని, మళ్ళీ పెళ్ళినాటి మనిషిలా అయింది. మా ఆయన పోయాక చర్చిలో ఆడవాళ్ళందరికీ భయం పట్టుకుంది. యాభై కూడా నిండని మనిషి అట్లా ఎట్లా పోతాడని. అందుకే బడంగ్‌పేట్ చర్చిలో స్త్రీల కూడిక అయ్యాక పాస్టరమ్మ హెప్సిబాను లేపి మాట్లాడమన్నది.

"క్లీన్ ఈటింగ్ అంటే పెద్ద ముచ్చటేం కాదక్కా" అని మొదలుపెట్టింది హెప్సిబా. "చేన్ల పండింది జర పండినట్టే వండుకునుడు. ప్యాకెట్ల ఒచ్చేవి తగ్గించుడు. ప్యాకెట్ ఎనక చదువుతుంటే నోరు తిరగని పేర్లుంటే పక్కకు పెట్టుడు. తెల్లన్నం తగ్గించి జొన్నరొట్టె, కొర్రలు తినుడు. కూరగాయలు ఎక్కువ, నూనె, చక్కెర, ఉప్పు తక్కువ. నీళ్ళు మంచిగ తాగుడు. రాత్రి జల్ది తినుడు. గంతే."

ఆమె ఒక్కొక్కటి చెబుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ నూనెలో మిరపకాయ బజ్జీలు వేసింది నేను. ఉప్పు చేపలు వేయించింది నేను. ఆదివారమొస్తే బోటీ వండి, ఇంకొంచెం వేసుకొమ్మని బతిమాలింది నేను. అక్కడున్న వాళ్ళెవరూ నన్ను ఏమీ అనలేదు. అయినా అందరూ నా చేతుల వైపే చూస్తున్నారనిపించింది.

మా అత్తమ్మ మాత్రం నోరు విప్పింది. "గట్లయితే మనం ఇన్నేండ్ల సంది తిన్నది మురికి తిండా బిడ్డా? మా ఊర్ల కొందరు గదే మాటనేటోళ్ళు. మా తునకల కూర వాసనొస్తే ముక్కు మూసుకునేటోళ్ళు."

హెప్సిబా మొహం ఎర్రబడింది. "అయ్యో పెద్దమ్మా, అట్లెట్లంట? మనింట్ల తిననిదా గది? మంచి మాంసం మంచిదే. నేనన్నది గీ చిప్సు, కేకులు, కూల్‌డ్రింకుల సంగతి."

"అట్ల చెప్పు మరి" అని అత్తమ్మ కొంగు సర్దుకుంది. అందరం నవ్వాం. మా ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వినందుకు దారి పొడుగునా మనసు పీకింది.

మెల్లగా మా ఇంట్లోనూ తిండి మారింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేసే మా బిడ్డ జోస్నా ఫోన్లో చూసి చెప్పేది, నేను చేసేదాన్ని. రైతుబజార్‌లో ఆకుకూర తెచ్చి, ఉప్పు నీళ్ళలో నానబెట్టి, మూడు నాలుగు సార్లు కడిగేదాన్ని. నూనె ప్యాకెట్ మాని గానుగ నూనె తెచ్చాం. పొద్దున రాగిజావ. జోస్నా బాక్సులో రెండు జొన్నరొట్టెలు, సొరకాయ కూర, కీరా ముక్కలు. టీలో ముంచుకునే బిస్కెట్ల బదులు గుప్పెడు పల్లీలు. మొదట్లో కొర్ర అన్నం బంకలా అయ్యేది. ముందుగానే నానబెట్టాలని హెప్సిబా చెప్పాక పొడిపొడిగా వచ్చింది. ఒళ్ళు తేలికైన మాట నిజమే.

మా అత్తమ్మ అన్నిటికంటే ముందుకు పోయింది. తెల్లన్నం ముట్టనన్నది. డాబా మీద ఎండబెట్టుకున్న మాంసం తునకలన్నీ మూటగట్టి తన ఊరి చుట్టాలింటికి పంపించింది. తర్వాత టీలో చక్కెర మానేసింది, ఆ తర్వాత టీయే మానేసింది. రాత్రి జల్ది తినమంటే పొద్దు గూకక ముందే తిన్నానని చెప్పి పడుకునేది. తన కూర విడిగా తీసి పెట్టమనేది, అందులో ఉప్పు వేయొద్దనేది. ఆకలైతే చెంబెడు నీళ్ళు తాగేది. "హెప్సిబా చెప్పలే? నీళ్ళు మంచిగ తాగుమన్నది" అనేది.

వాడకట్టులో అందరూ మెచ్చుకున్నారు. "డెబ్బై దాటినా గా పట్టుదల చూడు" అన్నారు. హెప్సిబా కూడా కూడికలో మా అత్తమ్మను పక్కన నిలబెట్టుకుని, "పెద్దమ్మను చూసి నేర్చుకోండ్రి" అన్నది. జోస్నా నాయనమ్మ ఫోటో స్టేటస్‌లో పెట్టుకుంది.

రవికలు వదులయ్యాయి. గాజు మోచేతి దాకా జారేది. నేను చూశాను. రోజూ చూశాను. పగలంతా ఇంట్లో ఉండేది మేమిద్దరమే, చూడకుండా ఎట్లా ఉంటాను? అయినా అడగలేదు. ఆరోగ్యం కోసమే చేస్తోంది కదా అనుకున్నాను. ఆమె ముందు నాకు సిగ్గుగా కూడా ఉండేది. ఆమె ఉప్పు లేని కూర తిని లేస్తే, నేను వంటింట్లో మూల నిలబడి మామిడికాయ తొక్కుతో అన్నం కలుపుకునేదాన్ని. అడిగితే నా తొక్కు సంగతి బయటపడుతుందని కాబోలు, నోరు మూసుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. నాదర్‌గుల్ నుంచి లేచిన చిన్న విమానం చప్పుడు చేసుకుంటూ మీద నుంచి పోయింది. అది పోయాక కింద నుంచి అత్తమ్మ గొంతు వినబడింది. నన్ను "సువార్తా" అని పిలుస్తోంది. సువార్త ఆమె చెల్లెలు, ఎప్పుడో చిన్నప్పుడే పోయింది. కిందికి ఉరికేసరికి నల్లా పక్కన పడి ఉంది. "నాట్లకు పోవద్దా, పొద్దెక్కింది" అంటోంది నన్ను చూసి.

ఆటోలో వేసుకుని ఈసారి వేరే దవాఖానకు పోయాం. జోస్నా షాపు నుంచి నేరుగా వచ్చింది. రక్తం తీసి చూసి డాక్టరమ్మ అడిగింది, "ఏం తింటుందమ్మా ఈమె?"

"క్లీన్ ఫుడ్ మేడం. చాలా స్ట్రిక్ట్‌గా ఉంటది" అన్నది జోస్నా, కొంచెం గొప్పగానే.

డాక్టరమ్మ అత్తమ్మ చెయ్యి పైకెత్తి చూపించింది. తోలు వేలాడుతోంది. "ఒంట్లో ఉప్పు బాగా పడిపోయింది. తిండి లేదు, పైనుంచి నీళ్ళు తాగుతోంది. ఇది డైట్ కాదమ్మా, పస్తు. ఇంట్లో ఎవరూ చూడలేదా?"

జోస్నా నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

సెలైన్ ఎక్కాక అత్తమ్మకు తెలివి వచ్చింది. సాయంత్రం హెప్సిబా డ్యూటీ నుంచి అట్లాగే వచ్చింది, మెడలో కార్డు కూడా తీయలేదు. మంచం పట్టుకుని ఏడ్చింది.

"నా నోరు పడిపోను పెద్దమ్మా. ఉప్పు తక్కువెయ్యమన్న గని, ఇడిసిపెట్టుమన్ననా? నిన్ను అందరి ముందట నిలబెట్టి చప్పట్లు కొట్టిపిచ్చిన. నేను డాక్టర్నా, ఏమన్ననా?"

"ఊకో బిడ్డా. నీదేం లేదు" అన్నది అత్తమ్మ. "తిండి ఇడిసిపెట్టాల్నని నాకు ముందుగాలనే ఉండె. ఉట్టిగ మానేస్తే కోడలు ఊకుంటదా? నువ్వు గా ముచ్చట చెప్పినంక నాకు మంచి సాకు దొరికింది. ఎవ్వలు అడగలే. పైనుంచి మెచ్చుకున్నరు."

హెప్సిబా ఏడుపు ఆగిపోయింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఈ వయసులో మళ్ళీ ఇట్లా అయితే మనిషి దక్కడం కష్టమన్నది. కానీ ఇంటికొచ్చాక కూడా అత్తమ్మ తినలేదు. నేను పప్పు, మెత్తటి అన్నం పెడితే కాసేపు కెలికి పక్కకు జరిపేది. మర్నాడు మధ్యాహ్నమూ అట్లాగే జరిపేసరికి నేను పక్కన కూర్చున్నాను.

"ఎందుకత్తమ్మా? ఇప్పుడన్న చెప్పు."

అత్తమ్మ గోడ వైపు చూస్తూ చెప్పింది.

"ఆ దినం హోటల్ల ఇడ్లీ తిన్న. ఇంక వడ పెట్టించుకున్న. యాదికుందా నీకు? నువ్వు పోదామత్తమ్మా అంటివి. జరాగు బిడ్డా, చట్నీ మస్తుగుంది అన్న. ఇంకో వడ తెమ్మన్న. ఆడ పైన నా కొడుకు పానం పోతుంటే, నేను ఏళ్ళు నాకుతున్న. చట్నీ మస్తుగుందంట, తల్లినట నేను! అప్పటి సంది ముద్ద నోట్లె పెట్టుకుంటే గదే రుచి ఒస్తది. మట్టి తిన్నా గింత సిగ్గు కాదు."

ఓదార్చే మాటలు నాకు రావు. ఎప్పుడూ రాలేదు. నోటికొచ్చింది నిజం మాత్రమే.

"నేను గూడ తిన్న అత్తమ్మా. దోశ తిన్న. ఆయన కండ్లు తెరిచిండు, మాట్లాడిండు, ఇంక బతికిండని సంబురపడి తిన్న. మీద చాయ్ తాగిన. పోదామన్నది నువ్వు తినుడు చూడలేక కాదు. నాది అయిపోయిందని లేసిన. నా కడుపు నిండింది."

అత్తమ్మ నా వైపు తిరిగింది. ఇన్ని నెలల్లో నేను కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుని తిన్నానని ఆమెకు తట్టినట్టు లేదు.

"నీదేం తప్పున్నదే? ముందు దినమంతా పచ్చినీళ్ళు ముట్టకపోతివి. ఆకలికాదా? మనిషివి కావా?" అని కోప్పడింది. అని, తన మాటే తనకు వినబడినట్టు ఆగిపోయింది. నేను పళ్ళెం మీద వాలిన ఈగను తోలాను.

"నీకూ పెట్టుకో. పోయి తెచ్చుకో" అన్నది చివరికి.

తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను.

"ప్రార్థన చెయ్యి" అన్నది.

మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థన చేసేది ఇశ్రాయేలు. ఆయన పోయాక ఎవరం చేయలేదు. నాకు పైకి ప్రార్థన చేయడం రాదు, కూడికలో కూడా కళ్ళు మూసుకుని ఊరుకుంటాను. ఏం చెప్పాలో తెలియక మనసులో ఉన్నదే అన్నాను.

"ప్రభువా, ఆయన లేడు. మేం తింటున్నం. మమ్ముల క్షమించు."

"గిదేం ప్రార్థననే" అని గొణిగింది అత్తమ్మ. మళ్ళీ తనే, "ఆమేన్" అన్నది. పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

ఇప్పుడు కూడా మా ఇంట్లో జొన్నరొట్టెలే, ఆకుకూరలే. ఉప్పు ఎంత వేయాలో డాక్టరమ్మ చెప్పిన ప్రకారం వేస్తాను. హెప్సిబా చాలా రోజులు కూడికలో తిండి మాట ఎత్తలేదు. మొన్న ఎవరో అడిగితే, "ముందుగాల కడుపు నిండ తింటున్నరా లేదా చెప్పండ్రి" అని మొదలుపెట్టింది.

అత్తమ్మ అన్ని రోజులూ తినదు. ఒక్కోనాడు రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేస్తుంది. అప్పుడు నేను తిను, తిను అని సతాయించను. లేచి పోను కూడా. ఆమె ఎదురుగా కూర్చుని నా పళ్ళెంలోది తింటాను. ఆమె చూస్తుండగా, ఆయన లేని ఇంట్లో, రుచి తెలుస్తుండగా తినడం సిగ్గుగానే ఉంటుంది. అయినా తింటాను. చాలాసార్లు ఆమె చెయ్యి మళ్ళీ కదులుతుంది.