కంచె కింది సందులు

వల్లూరు మల్లేశప్ప ఒకప్పుడు గొర్రెలు కాచినవాడు. పొలం సోలార్ పార్కు ప్లేట్ల కిందికి పోయినప్పుడు, ఆ పార్కుకే కంచె స్తంభాలు నాటే పనికి కుదిరి, ఆ విద్య పట్టుకున్నాడు. పని అయిపోయాక సెక్యూరిటీ ఉద్యోగం ఇస్తామన్నారు. "ఒకరి గేటు కాడ కూచునేది నాతో కాదప్పా, గేట్లు నిలబెట్టేది నాతో అయితాది" అన్నాడు. శనీశ్వరునికి నూనె దీపం పెట్టి, భార్య లక్ష్మీదేవమ్మను తోడు తీసుకుని సొంతంగా ఇళ్లకు కంచెలు వేయసాగాడు.

పల్లెల్లో చదును నేల మీద చాలా వేశాడు. పావగడ పట్నంలో మొదటి పని మాత్రం కొండ వాలులో దొరికింది. బట్టల అంగడి పద్మాక్షి కట్టించుకున్న కొత్త ఇల్లు అది. ఇది నచ్చితే ఆ వీధి అంతా అతన్నే పిలుస్తుంది, నచ్చకపోతే పట్నంలో ఇంక పిలుపు ఉండదు.

బల్లెం మొనలు, పూలతీగలు ఉన్న ఇనుప చట్రాలు తెచ్చాడు. నేలతో పాటు చట్రాన్నీ వాల్చి బిగిస్తే పూలన్నీ పక్కకు ఒరిగిపోతాయి. అందుకే నీళ్ల పైపుతో మట్టం చూసుకుంటూ ఒక్కో చట్రాన్నీ మెట్టు మెట్టుగా దించాడు. పైపు రెండో కొస లక్ష్మీదేవమ్మ పట్టుకుంది. పైవరస ముచ్చటగా కుదిరింది. కింద మాత్రం ప్రతి చట్రానికీ పల్లం వైపు ఒక సందు మిగిలింది.

సాయంత్రం పద్మాక్షి మజ్జిగ తెచ్చింది. ఇద్దరూ తాగినాక కంచె కిందికి వంగి చూసింది.

"పైన బాగుండాది మల్లేశప్పా. కింద ఏంది ఇది? కుక్కలు దూరతాయి, మేకపిల్లలు దూరతాయి. ఇట్లయితే ఊడదీయాల్సిందే."

"సిమెంటుతో మూసేద్దామా అంటే, వాన నీళ్లు ఈడ అడ్డంగా పారతాయమ్మా. మూస్తే మీ ఇంటి వైపుకే మర్లుతాయి" అని మల్లేశప్ప తల గోక్కున్నాడు.

లక్ష్మీదేవమ్మ పకపకా నవ్వింది. "ఏమయ్యో, పిల్లగొర్రె దూరకుండా ఎన్ని రొప్పాలు కట్టినావు! బంగారు రంగు మొనలు చూసి మర్చిపోతివా?"

రాత్రిళ్లు గొర్రెలను తోలే రాళ్ల దొడ్డే రొప్పం. బురద లేదు, సున్నం లేదు. రాయికి రాయే పట్టు. గాలీ నీళ్లూ పోతాయి, పిల్లగొర్రె పోదు.

మల్లేశప్ప నాలుక్కరుచుకుని, స్తంభాల గుంతల్లోంచి తీసి పడేసిన రాళ్ల ముందు కూర్చున్నాడు. పెద్దది అడుగున, మొన లోపలికి; మధ్యలో చిన్న రాయి చెక్క. మొదటి సందు మూసి, "కాలితో తోసి చూడమ్మా" అన్నాడు.

పద్మాక్షి తోసింది. ఇంకొంచెం గట్టిగా తోసింది. రాయి కదల్లేదు.

"ఊడదీయొద్దులే" అని కొంగు నడుముకు దోపి, ఒక రాయి ఎత్తి అందించింది. "ఇది పనికొస్తాదా?"

"భేషుగ్గా వస్తాది. ఆ కొన ఇటు తిప్పమ్మా."

పక్కింటి మిద్దె మీంచి నయన ఇదంతా చూస్తూనే ఉంది. "అన్నా, మా స్థలం ఇంకా జారుగా ఉండాది. కంచె నిలుస్తాదా ఆడ?"

మల్లేశప్ప రాయి మీంచి కన్ను తిప్పలేదు. "ఎందుకు నిలవదక్కా? గుంతల్లో వచ్చే రాళ్లు మాత్రం పారేయొద్దు."