పెరట్లో చప్పుడు
కోయిలకుంట్లలో కలెక్టరు దొర మకాం వేస్తే తాగునీళ్లకు కుమ్మరి సంజన్న కడవలే పోవాలి. ఆములో కాలిన కుండలు బయటికి తీసిన రోజున అతను గొంతుక్కూర్చుని, ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొడతాడు. ఖంగుమంటే పక్కన పెడతాడు. బొంగురుగా పలికితే లోపల నెర్రె ఉన్నట్టే. మొహం తిప్పుకుని భార్య మద్దమ్మకు అందిస్తాడు. తాను చేసినదాన్ని తానే పగలగొట్టడానికి అతనికి చేతులు రావు. ఆమె దాన్ని పెరట్లోకి తీసుకుపోతుంది. భళ్లుమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినందే సంజన్న రెండో కుండ ముట్టుకోడు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. నెర్రె కుండ అమ్మనివాడని పేరు.

మొన్న పక్క ఊర్లో దాహమై హుసేనమ్మ అనే ఆమె వాకిట్లో ఆగి కూర్చున్నాడు. అరుగు మీద జొన్నల కుండ తాను చేసినదే. ముచ్చటపడి కణుపు ఎత్తాడు.

"కొట్టొద్దప్పా, లక్క ఊడొస్తాది!" అంది హుసేనమ్మ. "నెర్రె ఉండాదని మద్దమ్మక్క చెప్పే ఇచ్చినాది. గింజలకైతే శానా బాగుండాదిలే. మా ఊర్లో ఎవురింట్లో చూసినా ఇవే కదా, నీకు తెల్దా?"

సంజన్న నీళ్లు తాగకుండానే లేచాడు.

ఈ రోజు మళ్లీ కుండలు తీశారు. బొంగురుగా పలికినదాన్ని ఎప్పటిలాగే మద్దమ్మకు అందించి, ఈసారి చెవి పెరటివైపు పెట్టాడు. చప్పుడొచ్చింది. ఎన్నడో పగిలిన పెంకుల మీద రాయి పడిన చప్పుడు. ఇరవై ఏళ్లుగా ఆ చెవి విన్నది అదే. సంజన్న రెండో కుండ ముట్టుకోలేదు.